మా భోషాణం నాకంటే తొందరగా ముసలిదైపోతోంది

మొన్న సంక్రాంతికి పదిరోజుల ముందు మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక ఫోటో పెట్టాడు. ఊళ్ళో మా మండువా ఇంటి పడమటి గదిలో ఉండే భోషాణం, అంటే మూతున్న పెద్ద చెక్క పెట్టె. దాని మీద ఎప్పట్లాగే కొబ్బరి పీచు బస్తా, పాత గొడుగు, ఎవరిదో స్కూలు బ్యాగు. కింద ఒక లైను: "రెండొందల ఏళ్ళ నాటి బర్మా టేకు భోషాణం. మన వంశ గౌరవం." గంటలో ముప్పై దండాలు పడ్డాయి. అమెరికాలో ఉన్న పిన్ని కొడుకైతే ఏడుపు బొమ్మ కూడా పెట్టాడు, వాడు పుట్టాక ఆ గదిలోకి రెండుసార్లు వెళ్ళుంటే గొప్ప.

నేను ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. ఎందుకంటే నా చిన్నప్పుడు, అంటే 1980ల్లో, ఇదే బాబాయి ఇదే భోషాణానికి వందేళ్ళని చెప్పేవాడు. 1999లో మా అన్నయ్య పెళ్ళికి వచ్చిన చుట్టాలకి చూపించినప్పుడు నూటయాభై అయ్యింది. ఇప్పుడు రెండొందలు. ఈ నలభై ఏళ్ళలో నాకు నలభై ఏళ్ళే పెరిగాయి, దానికి వంద పెరిగాయి. ఈ లెక్కన నేను పోయేసరికి అది రాజరాజ నరేంద్రుడి కాలం నాటిదైపోతుంది.

అసలు ఈ ఫోటో గొడవ ఎందుకొచ్చిందంటే ఇల్లు పడగొడుతున్నారు. పెంకు జారిపోయింది, తాటి దూలాలకి చెద పట్టింది, నలుగురు అన్నదమ్ముల పిల్లలు నాలుగు దేశాల్లో ఉన్నారు. పాత సామాన్లు కొనే ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చి చూసుకుని వెళ్ళాడు, ఏదో రిసార్టులో పెడతారట. బేరం మధ్యలో "ఎన్నేళ్ళదండి" అని అడిగితే మా బాబాయి తడుముకోకుండా రెండొందలన్నాడు. ఆయన కూడా తడుముకోకుండా రాసుకున్నాడు. నాకు వింతగా అనిపించింది అదే, అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ కావాల్సింది ఒకే అంకె అయినప్పుడు ఇంక సరిచూసేవాడెవడు?

నా వాదన ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకున్నా పర్లేదు. మన గోదారి డెల్టా ఇళ్ళల్లో "రెండొందల ఏళ్ళ నాటిది" అని చూపించేవాటిలో చాలా మటుకు అంత పాతవి కావు, 1880కీ 1940కీ మధ్య మన ముత్తాతలు చేతిలో నాలుగు డబ్బులాడిన రోజుల్లో చేయించుకున్నవి అని నా అనుమానం. నేనేం ఎక్స్‌పర్టుని కాను, బ్యాంకులో లోన్ల సెక్షన్లో పని. కాకపోతే కాగితం చూసి అనుమానపడటం మాత్రం ఇరవై ఏళ్ళుగా అలవాటు.

రెండొందల ఏళ్ళ కిందట మన దగ్గర ఏముందని

సరే, రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్దాం, అంటే 1825 ప్రాంతం. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, అయ్యింది 1852లో. దానికి ముందు 1832-33 కరువు ఉంది, గోదారి పక్కనే పారుతున్నా జనం పోయారు. ఇప్పుడు మనం చూసే మూడు పంటల కోనసీమ, కాలవ గట్టు మీద కొబ్బరి చెట్లు, లాకులు, పడవలు, ఇదంతా ఆనకట్ట తర్వాతి సంగతి. మా వాళ్ళేమో పదెకరాల రైతులు. 1825లో ఆ పదెకరాల మీద ఏం పండి, ఏం మిగిలి, ఆరడుగుల టేకు పెట్టె చేయించారో నాకు ఊహకి అందట్లేదు.

బర్మా టేకు సంగతి ఇంకా బావుంటుంది. ఇంగ్లీషువాళ్ళకీ బర్మా రాజుకీ మొదటి యుద్ధం ముగిసి సంధి అయ్యింది 1826లో, అప్పుడే బర్మాలోని మౌల్మేన్ ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, ఆ తర్వాతే అది పెద్ద టేకు రేవయ్యింది. మనవాళ్ళు వరి కోతలకీ రేవు పనులకీ రంగూన్‌కి గుంపులుగా వెళ్ళింది, అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగివాళ్ళు అని పిలిచింది, ఇవన్నీ ఎక్కువగా పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఊపందుకుని 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీదకి రావడంతో ఒక్కసారిగా తెగిపోయిన కథ. అంటే రెండొందల ఏళ్ళ బర్మా టేకు అనాలంటే సంధి కాగితం మీద సిరా ఆరకముందే మా ఊరికి దుంగ వచ్చుండాలి. పైగా భద్రాచలం పై అడవుల నుంచి తెప్పలు కట్టి గోదాట్లో వదిలితే రాజమండ్రికి టేకు దానంతటదే వచ్చేది, అలాంటప్పుడు ప్రతి బల్లకీ బర్మా అనే తోక ఎందుకు తగిలిస్తారో కూడా ఆలోచించాలి. "బర్మా" అంటే మనకి ఊరి పేరు కంటే మెచ్చుకోలు మాట అయిపోయింది, బందరు లడ్డూ లాగా.

అయితే ఇక్కడ నాకు నేనే అడ్డం తగులుతున్నా. కోరంగిలో ఆనకట్టకి చాలా ముందే ఓడలు కట్టేవాళ్ళు, రంగూన్‌తో రాకపోకలుండేవి, 1839 ఉప్పెన వచ్చి దాని నడుం విరగ్గొట్టేదాకా అది మంచి రేవు. నరసాపురం, పాలకొల్లుల్లో డచ్చివాళ్ళున్నారు, మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళ కొట్లున్నాయి, యానాంలో ఫ్రెంచివాళ్ళు 1954 దాకా కదల్లేదు. వాళ్ళ ఇళ్ళల్లో కుర్చీలు, బల్లలు లేకుండా ఉంటాయా. పెద్దాపురం, పిఠాపురం సంస్థానాలున్నాయి. కాబట్టి ఈ నేల మీద రెండొందల ఏళ్ళ సామాను అసలు ఉండదని అనను. మా ఇంట్లో ఉండటం మాత్రం కష్టం అంటున్నా.

ఇంకో చిన్న విషయం. మంచం, పీట, పెట్టె, ఉయ్యాల బల్ల, ఇవి మన మాటలు. కుర్చీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, అలమారా పోర్చుగీసు మాట. వస్తువుతో పాటే పేరూ వచ్చింది. మన పాత ఇళ్ళల్లో అందరూ కూర్చున్నది అరుగు మీద, పీట మీద, చాప మీద. అందుకే ఎవరైనా "మా ముత్తాతల నాటి డైనింగ్ టేబుల్, రెండొందల ఏళ్ళది" అంటే నాకు ముందు నవ్వొస్తుంది, పీట మీద కూర్చుని మడి కట్టుకుని అన్నం తిన్న మనిషికి డైనింగ్ టేబుల్ ఎందుకు?

నేను చేసిన తెలివితక్కువ పని

పండక్కి ఊరెళ్ళా. టార్చి, టేపు, ఒక భూతద్దం పట్టుకెళ్ళా. భోగి మంట చల్లారకముందే పడమటి గదిలో చాప పరుచుకుని భోషాణం కింద దూరా. మా పెద్దమ్మ గుమ్మంలోంచి చూసి "ఏవే, అందులో ఏవైనా దాచారా అత్తయ్యగారు" అంది.

నేను చదువుకెళ్ళింది ఏంటంటే, పాత సామాను వయసు చూడాలంటే ముఖం చూడకూడదు, వీపు చూడాలి. ముందు భాగం నునుపు చేస్తారు, పాలిష్ పెడతారు, కింద, వెనక, సొరుగు అడుగున ఎవరూ పట్టించుకోరు, పనిమంతుడి రంపం, బాడిస అక్కడే దొరుకుతాయి. మేకులు, స్క్రూలు చూడాలి. పాతకాలపు చేతి స్క్రూకి మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది, తల మీద గీత మధ్యలోంచి కాస్త పక్కకి పోయి ఉంటుంది. మిషను మీద మొన తేలిన స్క్రూలు 1850 ప్రాంతం నుంచి మొదలయ్యాయి. ప్లస్ గుర్తున్న స్టార్ స్క్రూ అయితే అమెరికాలో పేటెంటు అయ్యిందే 1930ల్లో, మన ఊరి కొట్లోకి రావడానికి ఇంకెంత పట్టిందో ఆలోచించుకోండి.

మూత వెనక బందులకి టార్చి వేస్తే ఏం కనపడింది? నాలుగు బందులు, పదహారు స్క్రూలు, పదహారూ స్టారే. నేనక్కడే చాప మీద పడుకుని గ్రూపులో పెట్టేశా: "స్టార్ స్క్రూలు ఉన్నాయి. ఇది 1960 తర్వాత చేసింది. సారీ బాబాయ్." ఆ "సారీ" మీద నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టా, అదే ఎక్కువైంది. బాబాయి గ్రూపులోంచి బయటికెళ్ళిపోయాడు. కనుమ రోజు మధ్యాహ్నం గారెలు తినేటప్పుడు కూడా నా వైపు చూడలేదు.

నన్ను ఆదుకుంది, కాదు, నా పరువు తీసింది మా ఊరి వడ్రంగి ఆచారి గారు. డెబ్భై దాటాయి, ఇప్పుడు పని మానేశారు, తలుపు పట్టేసిందంటే వచ్చి చూస్తారంతే. ఇంటి తలుపులు, గుమ్మాలు విప్పడానికి మాట్లాడదామని పిలిస్తే వచ్చారు. నా గొడవంతా విని, కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయిగారూ, చెక్క వయసు అడుగుతున్నారా, పని వయసా, లేపోతే బందుల వయసా? మూడూ మూడండి ఆయ్" అన్నారు.

తర్వాత ఒక బందు విప్పించారు. కింద చెక్క మీద ఇంకో బందు తాలూకు నీడ ఉంది. నిజంగా నీడే, వేరే ముదురు రంగులో, ఇప్పటి బందు కంటే రెండింతలు పొడవు, కొసన ఆకులా సన్నబడి. ఎన్నో ఏళ్ళు ఇనప రేకు అతుక్కుని ఉన్నచోట చెక్క నల్లబడింది. ఆ నీడలో నాలుగు పాత బెజ్జాలు. ఆచారి గారు సన్న ఉలి మొనతో ఒక బెజ్జంలో గెలికితే బూడిద రంగు పొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపి నా అరచేతిలో పోశారు. మెత్తగా, పౌడరులా. "ఒండ్రు" అన్నారు.

ఎనభై ఆరు వరద. కోనసీమలో ఎవరికీ దాని గురించి చెప్పక్కర్లేదు. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకెక్కింది, గట్లు తెగాయి, మా ఇంట్లో నడుం లోతు పైన నీళ్ళు నిలబడ్డాయి. అందరం పక్కింటి డాబా ఎక్కాం, భోషాణం మాత్రం గదిలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక పాత ఇనప బందులు తుప్పు పట్టి విరిగిపోతే మార్చారు, ఆ మధ్య రోజుల్లో ఖాళీ బెజ్జాల్లో బురద ఎండిపోయి ఉండిపోయింది, దాని మీద కొత్త బందు పడింది. మార్చింది ఎవరో కూడా తెలిసింది, ఎదురుగా నిలబడ్డ ఆయనే. "నేనే కదండీ వేసింది, మీ తాతగారు నలభై రూపాయలిచ్చారు" అన్నారు నవ్వుతూ. ముందే చెప్పొచ్చు కదా మహానుభావా అనిపించింది గానీ, ముందే చెప్పుంటే నేను ఆ నీడ చూసేదాన్ని కాదు.

మేకులు సగం మాటే చెబుతాయి

ఆ రోజు నుంచి నాకొక విషయం పట్టుకుంది. ఈ గుర్తులన్నీ ఒకవైపు మాత్రమే పనిచేస్తాయి. ఒక గుర్తు "ఇంతకంటే పాతది కాదు" అని చెప్పగలదు, "ఇంతకంటే కొత్తది కాదు" అని చెప్పలేదు. గుండ్రటి తీగ మేకు ఉందంటే, అది మొదటి నుంచీ అక్కడే ఉందని రుజువైతే, ఆ పని పందొమ్మిదో శతాబ్దం చివరిదో ఆ తర్వాతదో, ఎందుకంటే ఆ మేకులు బాగా వాడుకలోకి వచ్చిందే అప్పుడు. అదే నాలుగు పలకల మేకు ఉంటే? పాతది అనేస్తారు అందరూ. మా ఊరి కమ్మరి కొలిమిలో బండి చక్రాలకి అలాంటి మేకులు నా చిన్నప్పుడు కూడా కొట్టేవాడు, నేను ఎర్రగా కాలిన మేకు నీళ్ళల్లో వేస్తే వచ్చే చప్పుడు కోసం నిలబడేదాన్ని. పలకల మేకు చూసి వయసు చెబితే ఆ బళ్ళన్నీ కంపెనీ కాలం నాటివి అవ్వాలి.

రంపపు గీతలదీ అదే కథ. గుండ్రటి రంపం కోస్తే పలక మీద విల్లులా వంగిన గీతలు పడతాయి, ఇద్దరు మనుషులు ఒకడు పైన ఒకడు గోతిలో నిలబడి కోస్తే నిటారుగా, ఒకటి దగ్గర ఒకటి దూరంగా, అలిసిపోయిన చేతుల్లా పడతాయి. మా భోషాణం అడుగున ఉన్నవి ఇవే. గీతల్లో ఒకచోట కోణం మారిపోయింది, బహుశా అక్కడ ఆగి చుట్ట కాల్చుకున్నారేమో. సంబరపడబోయా. ఆచారి గారు "మా నాన్నగారి రోజుల్లో సామిల్లు రాజమండ్రిలో ఉన్నా మనూళ్ళో కోతవాళ్ళే కోసేవాళ్ళండి, బండి కిరాయి కలిసొచ్చేది కాదు" అని చల్లార్చేశారు.

చెక్క ఎండి కుంచించుకుపోవడం ఇంకో గుర్తు. చెక్క పొడుగునా దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది, అందుకే నిజంగా పాత గుండ్రటి బల్లని రెండు వైపులా కొలిస్తే కోడిగుడ్డు లెక్కన తేలుతుంది. మా పెద్దమ్మ వాళ్ళ బల్ల కొలిచా, ఒకవైపు 36 అంగుళాలు, ఇంకోవైపు పావు అంగుళం తక్కువ. దీని మీద కూడా ఎగరక్కర్లేదు. టేకు అసలే పెద్దగా కదలని చెక్క, పైగా మన దగ్గర వానాకాలం ఉబ్బి సొరుగులు పట్టేస్తాయి, ఎండల్లో వదులవుతాయి, ఏ నెలలో కొలిచామన్నది కూడా చూసుకోవాలి.

పాలిష్ సంగతి అసలు ఎత్తొద్దు. దూదికి స్పిరిట్ తడిపి ఒక మూల రుద్దితే లక్క పాలిష్ అయితే జిగురుగా కరుగుతుంది, ఇప్పటి మెరుపు పూతలు కరగవు. మన ఇళ్ళల్లో ప్రతి పెళ్ళికీ సున్నాలతో పాటు సామాన్లకి కూడా పూత పడుతుంది కాబట్టి ఆ పరీక్ష ఆఖరి పెళ్ళి ఎప్పుడైందో చెబుతుంది. మా పందిరి మంచం కోళ్ళ మీదైతే ఆకుపచ్చ ఎనామిల్, దాని కింద మెరూన్, దాని కింద నీలం. నీలం మా అత్త పెళ్ళి, మెరూన్ మా అమ్మ కాపురానికి వచ్చిన ఏడు, ఆకుపచ్చ ఎవరు చేసిన పాపమో ఎవరూ ఒప్పుకోవట్లేదు.

ఇంకోటి, "బర్మా టేకు" అన్నారు కదా. ఆచారి గారు లోపలి అడుగు పలక మీద ఎవరికీ కనపడని మూల ఉలితో గోరంత చెక్కారు. ముక్కు దగ్గర పెట్టమన్నారు. టేకు చెక్కితే నూనె పట్టిన తోలు వాసన లాంటిది వస్తుంది, దీనికి అదేం లేదు. చెక్కినచోట పసుపు. పనస! ముందు పలక, మూత, కాళ్ళు టేకు, వెనకా కిందా మన దొడ్లో పనస, గాలికి ఏళ్ళ తరబడి ముదిరి టేకు రంగుకి వచ్చేసింది. నాకైతే ఇది చూశాకే ఆ పెట్టె మీద ప్రేమ పుట్టింది. డబ్బు చూసుకుని, జనానికి కనపడేవైపు టేకు వేయించి, గోడవైపు పనసతో సర్దుకున్న మనిషి మా పెద్దల్లో ఎవరో. ఇది నేను నమ్మగలను. అచ్చం మా వాళ్ళే.

ల్యాబ్‌కి పంపొచ్చుగా అన్నవాళ్ళకి

మా అన్నయ్య కొడుకు ఇంజనీరు, "కార్బన్ డేటింగ్ చేయిస్తే పోలా అత్తా" అన్నాడు. చేయించొచ్చు, ప్రయోజనం లేదు. రేడియో కార్బన్ వేల ఏళ్ళ నాటి బొగ్గుకీ ఎముకకీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సుమారు 1650 తర్వాతి వస్తువులకి మాత్రం తికమక పెడుతుంది, ఎందుకంటే గాలిలో ఆ కార్బన్ మోతాదు ఈ మూడు నాలుగు శతాబ్దాల్లో పైకీ కిందకీ ఊగింది, ఒకే కొలతకి మూడు నాలుగు వేరువేరు కాలాలు జవాబుగా వస్తాయి. అవన్నీ కలుపుకుంటే మా ముత్తాత తాత నుంచి మా నాన్న దాకా అందరూ అందులో పడతారు.

చెట్టు వలయాల పద్ధతి దీనికంటే మేలు. టేకుకి ఏడాదికో వలయం స్పష్టంగా ఏర్పడుతుంది, ఉష్ణమండల చెట్లలో అన్నిటికీ అలా ఉండదు. పుణెలో వాతావరణ పరిశోధన సంస్థవాళ్ళు టేకు వలయాలు చూసి పాత రుతుపవనాల లెక్క తీస్తుంటారు. అయితే చెట్టు ఎప్పుడు కొట్టారో తెలియాలంటే బెరడు పక్కనున్న ఆఖరి వలయం కావాలి, మంచి వడ్రంగి ముందు చెక్కి పారేసేది ఆ తెల్ల చెక్కనే, పురుగు పడుతుందని. పైగా ఆచారి గారి ప్రశ్న అలాగే ఉంటుంది, చెక్క వయసా, పని వయసా? పడగొట్టిన ఇంటి దూలంతో నిన్న చేసిన కుర్చీకి ఏ ల్యాబ్ అయినా వందేళ్ళు అని రాసిస్తుంది. ఇప్పుడు పాత దూలాలు కొనుక్కెళ్ళేవాళ్ళు చేసే పనే అది.

నాయనమ్మ అంకె చెప్పలేదు

అసలు జవాబు దొరికింది ఇనప్పెట్టెలో. ఇల్లు ఖాళీ చేస్తూ కాగితాలు తిరగేస్తుంటే 1934 నాటి పంపకాల దస్తావేజు నకలు, పైన జార్జి రాజు తల, లోపల గొలుసుకట్టు రాత. పొలం సరిహద్దులు నాలుగు పేజీలయ్యాక ఇంటి సామాను: ఇత్తడి గుండిగలు నాలుగు, గంగాళం ఒకటి, పందిరి మంచం ఒకటి, "భోషాణం పెట్టె పెద్దది ఒకటి". ఇదీ నాక్కావాల్సిన రెండో గోడ. 1934 కంటే కొత్తది కాదు. మొదటి గోడ లోపలి రహస్య అర, బంగారం దాచుకునేది. దాని పలకలు పక్క చెక్కల్లో తవ్విన గాడిలో కూర్చుని ఉన్నాయి, అంటే పెట్టె బిగించకముందే పెట్టినవి, తర్వాత తగిలించినవి కావు, వాటిని పట్టుకున్నవి గుండ్రటి తీగ మేకులు, పక్కన వేరే బెజ్జం ఒక్కటి లేదు. కాబట్టి 1890 అటూఇటూ నుంచి 1934 లోపు. ఇంతకంటే దగ్గరగా చెప్పమంటే వస్తువు చెప్పదు.

ఇక్కడ మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఈ పెట్టెకి ఇన్నేళ్ళు అనలేదు. "మా అత్తగారు కాపురానికొచ్చినప్పుడు సారెతో పాటు పడవ మీద వేసుకొచ్చారంటమ్మా, రేవులో దింపడానికి పన్నెండు మంది పట్టారంట" అనేది. అంతే. ఆవిడ అత్తగారి పెద్దకొడుకు మా తాతయ్య, పుట్టింది 1911. ఆ రోజుల్లో చిన్నప్పుడే పెళ్ళి చేసి ఈడేరాక కాపురానికి పంపేవాళ్ళు, కాబట్టి కాపురం 1905 అటూఇటూ. నా రెండు గోడల మధ్య సరిగ్గా కూర్చుంది! ఇంకా చూడండి, పడవ ఎక్కడిది? మా ఊరి కాలవలో. ఆ కాలవ ఆనకట్ట తర్వాత తవ్విందే. అంటే మా బాబాయి నోటితో రెండొందలంటూనే, అదే నోటితో చెప్పే పడవ కథలో రెండొందలు కాదనే సాక్ష్యం ఉంది, ఇన్నేళ్ళూ ఎవరం వినలేదు.

ఇంట్లోవాళ్ళ మాటలు నమ్మకూడదని మొదలెట్టిన నేను ఇక్కడ వెనక్కి తగ్గాలి. ఎవరిది, ఎవరితో వచ్చింది, ఎక్కడ దింపారు, ఇలాంటివి ఇంటి ఆడవాళ్ళ నోట చెక్కుచెదరకుండా వచ్చాయి. అంకె మాత్రం తర్వాత మగవాళ్ళు అరుగు మీద కూర్చుని తగిలించింది. ఈ మాటకి మా ఇంట్లో గొడవవుతుందని తెలుసు.

కొంటానన్నాయనకి ఫోన్ చేసి చెప్పా, "నూట ఇరవై ఏళ్ళు అటూఇటూ అండి, వెనక పనస, బందులు ఎనభై ఆరులో మార్చినవి" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడమ్, అవన్నీ మనకెందుకు, కస్టమర్‌కి రెండొందలని చెబితేనే సంతోషం" అన్నాడు. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాల్లాంటివి మామూలు మనుషులు దేశం దాటించకూడదు కదా, మరి రెండొందలని రాస్తే రేపు ఎవరైనా ఫారిన్ పట్టుకెళ్ళాలంటే ఎలాగండి అని అడిగా. "అప్పుడు కొత్త కాపీ అని బిల్లు వేస్తారు మేడమ్" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. ఒకే పెట్టెకి షోరూంలో రెండొందలు, ఓడరేవులో సున్నా.

చివరికి అమ్మలేదు. నా వాదనకి లొంగి కాదు, నూట ఇరవై అనగానే ఆయన రేటు సగం చేశాడు, సగానికి ఇవ్వడం బాబాయికి నామోషీ. ఇప్పుడు మా తమ్ముడి షెడ్డులో నాలుగు ఇటుకల మీద ఉంది. ఇల్లు విప్పిన రోజు ఆచారి గారు పుచ్చిన అడుగు పలక ఒకటి మార్చారు, మళ్ళీ పనసే వేశారు. నేను మూత లోపలివైపు పెన్సిల్‌తో రాశా: తాతమ్మ సారెతో వచ్చింది. 1934 దస్తావేజులో ఉంది. బందులు 1986 వరద తర్వాత మార్చారు. అడుగు పలక ఈ ఏడు మాఘమాసంలో మార్చారు. మన ఇళ్ళల్లో ఉన్న ప్రతి పెట్టెలోనూ, ప్రతి మంచం పట్టె కిందా ఎవరో ఒకరు ఇలా రాస్తే నాలాంటిది చాప పరుచుకుని దూరక్కర్లేదని నా ఉద్దేశం.

పోయిన ఆదివారం తమ్ముడు ఆ మూత ఫోటో పంపాడు. నా రాత కింద, నీలం బాల్ పెన్నుతో, బాబాయి చేతిరాత: "వయస్సు 200 సం.లు."